కలిసినా కలవని 8 లక్షల ఓట్లు: కెనడా కన్సర్వేటివ్ విలీనం తర్వాత మధ్యేవాద ఓటర్లు ఎటు పోయారు

రెండు పార్టీలు విలీనమవుతున్నాయి అనగానే అందరూ చేసే మొదటి పని రెండింటి ఓట్ల శాతాలూ కూడటం. ఆ కూడిక ఎంత దూరం తప్పుతుందో, తప్పిన ఓట్లు ఎక్కడికి పోతాయో, మళ్లీ కూడగట్టడానికి ఎంత కాలం పడుతుందో చూపించడానికి కెనడా కంటే శుభ్రమైన కేసు దొరకదు. తేదీలు స్పష్టంగా ఉన్నాయి. పోలింగ్ కేంద్రాల వారీగా ఫలితాలు బహిరంగంగా ఉన్నాయి. విలీనానికి ముందూ తర్వాతా ఎన్నికలు దగ్గరదగ్గరగా జరిగాయి.

2000 నవంబరు 27 ఎన్నికలో కెనడియన్ అలయన్స్‌కు 32.77 లక్షల ఓట్లు (25.5 శాతం, 66 సీట్లు), ప్రోగ్రెసివ్ కన్సర్వేటివ్ (పీసీ) పార్టీకి 15.67 లక్షల ఓట్లు (12.2 శాతం, 12 సీట్లు) వచ్చాయి. కలిపితే 48.44 లక్షలు, 37.7 శాతం. 2003 డిసెంబరులో రెండూ ఒకటయ్యాయి. 2004 జూన్ 28న కొత్త కన్సర్వేటివ్ పార్టీకి వచ్చిన ఓట్లు 40.19 లక్షలు, 29.6 శాతం. మధ్యలో మాయమైనవి 8.24 లక్షల ఓట్లు. ఈలోగా పోలైన మొత్తం ఓట్లు తగ్గలేదు, 1.286 కోట్ల నుంచి 1.356 కోట్లకు పెరిగాయి.

అయితే సీట్లు 78 నుంచి 99కి పెరిగాయి. ఓట్లు తగ్గి సీట్లు పెరగడం ఈ కేసులో అసలు మలుపు. విలీనం గెలిచిందనే వాళ్లు సీట్లు చూపిస్తారు, ఓడిందనే వాళ్లు ఓట్లు చూపిస్తారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. మధ్యేవాద ఓటరు ఏమయ్యాడన్న ప్రశ్నకు మాత్రం ఆ రెంటిలో ఏదీ జవాబు కాదు.

విలీనానికి ముందు పరిస్థితి

1993లో పీసీ పార్టీ అధికారం నుంచి నేరుగా 2 సీట్లకు పడిపోయింది. పశ్చిమ రాష్ట్రాల ఓటు మితవాద రిఫార్మ్ పార్టీ వైపు, కెబెక్ ఓటు వేర్పాటువాద బ్లాక్ కెబెక్వా వైపు పోయింది. మిగిలింది అట్లాంటిక్ తీరం, ఆంటారియో చిన్న పట్టణాలు, నగర శివార్లలోని పాతతరం కన్సర్వేటివ్‌లు. అక్కడి భాషలో వీళ్లను రెడ్ టోరీలు అంటారు. ఖర్చుల విషయంలో జాగ్రత్తపరులు, సామాజిక విషయాల్లో ఉదారులు, ప్రభుత్వ వైద్యాన్ని ముట్టుకోనివ్వనివాళ్లు. రిఫార్మ్ పార్టీ 2000లో కెనడియన్ అలయన్స్‌గా మారినా వీళ్లు కదల్లేదు. ఆ ఏడాది ఆంటారియోలోని 103 సీట్లలో అప్పటి పాలక పార్టీ లిబరల్స్ 100 గెలిచారు, అలయన్స్‌కు దక్కినవి 2.

పీసీలు గెలిచిన 12 సీట్లలో 9 అట్లాంటిక్ రాష్ట్రాలవే. మిగతా మూడు కాల్గరీలో మాజీ ప్రధాని జో క్లార్క్, మానిటోబాలో రిక్ బొరోట్‌స్కీ, కెబెక్‌లో ఆండ్రే బషాన్ గెలుచుకున్నవి. ఈ భూగోళం గుర్తుంటే తర్వాత జరిగింది తేలిగ్గా అర్థమవుతుంది. విలీనం పశ్చిమంలో బలమున్న పార్టీకీ తూర్పున బలమున్న పార్టీకీ మధ్య జరిగింది. తూర్పు ఓటరు ఒప్పుకుంటాడా లేదా అన్నదే అసలు పరీక్ష.

2003 మే 31న పీటర్ మెకే పీసీ నాయకుడయ్యాడు. పోటీలో ఉన్న మరో అభ్యర్థి డేవిడ్ ఆర్చర్డ్ మద్దతు కోసం, అలయన్స్‌తో విలీనం ఉండదని రాతపూర్వకంగా ఒప్పుకుని గెలిచాడు. నాలుగున్నర నెలలు తిరక్కుండానే, అక్టోబరులో, అలయన్స్ నాయకుడు స్టీఫెన్ హార్పర్‌తో విలీన ఒప్పందం ప్రకటించాడు. డిసెంబరు 5న అలయన్స్ సభ్యులు 95.9 శాతంతో, 6న పీసీ డెలిగేట్లు 90.4 శాతంతో ఆమోదించారు. 7న కొత్త పార్టీ రిజిస్టరైంది.

ఇక్కడే మొదటి తప్పు లెక్క పుట్టింది. 90.4 శాతం అన్నది డెలిగేట్ల ఓటు. వాళ్లు నియోజకవర్గ సంఘాల్లో ఉండి పార్టీ దివాలా దగ్గర నుంచి చూసినవాళ్లు. 2000లో పీసీకి ఓటేసిన 15.67 లక్షల మందికి వాళ్లు ప్రతినిధులు కారు. క్యాడర్ ఒప్పుకుంటే ఓటరు ఒప్పుకున్నట్టేననుకోవడం ఏ విలీనంలోనైనా మొదట చేసే పొరపాటు. క్యాడర్‌కు పార్టీ బతకడం ముఖ్యం. ఓటరుకు పక్కన ఇంకో దుకాణం తెరిచే ఉంది.

నాయకత్వ ఎన్నిక: పాయింట్ల లెక్క

పీసీలు ఒప్పందంలో సాధించుకున్న అతి విలువైన వస్తువు నాయకత్వ ఎన్నిక పద్ధతి. 308 నియోజకవర్గాలకు తలా 100 పాయింట్లు, మొత్తం 30,800. ఒక నియోజకవర్గంలో 50 మంది సభ్యులున్నా 5,000 మంది ఉన్నా పాయింట్లు వందే. ఆల్బెర్టాలో అలయన్స్‌కు ఉన్న భారీ సభ్యత్వం కెబెక్, అట్లాంటిక్ గొంతును ముంచెయ్యకుండా ఇది అడ్డుకట్ట. కెబెక్‌లో సభ్యులు చాలా తక్కువ, కానీ 75 నియోజకవర్గాలు, అంటే 7,500 పాయింట్లు.

2004 మార్చి 20న హార్పర్ మొదటి లెక్కింపులోనే 56.2 శాతం పాయింట్లతో గెలిచాడు. బెలిండా స్ట్రోనక్‌కు 34.5, టోనీ క్లెమెంట్‌కు 9.4. మెకే పోటీ చెయ్యలేదు. పాత పీసీల నుంచి పేరున్న అభ్యర్థి బరిలో లేకపోవడం మధ్యేవాదులకు పెద్ద దెబ్బ. పద్ధతి వాళ్లకు అనుకూలంగా ఉంది, దాన్ని వాడుకునే మనిషి లేడు. పాయింట్ల పద్ధతిలో చిన్న నియోజకవర్గంలో ఒక సభ్యుడిని చేర్పించడం ఆల్బెర్టాలో వంద మందిని చేర్పించడంతో సమానం కాగలదు. పార్టీ వదిలి వెళ్లిపోయిన రెడ్ టోరీలు ఈ పరపతినీ అక్కడే వదిలేసి వెళ్లారు. మొత్తం కేసులో అతి ఖరీదైన నిర్ణయం ఇదేనని నా అంచనా. దీని గురించి చర్చ మాత్రం చాలా తక్కువ జరిగింది.

ఓటు బదిలీ లెక్క ఎలా చెయ్యాలి

నియోజకవర్గ స్థాయిలో వాడదగిన సూత్రం చిన్నదే. లిబరల్ ఓటు L, అలయన్స్ ఓటు A, పీసీ ఓటు P అనుకోండి. పీసీ ఓటులో కొత్త పార్టీకి వచ్చే భాగం s, లిబరల్స్‌కు పోయే భాగం t. కొత్త పార్టీ గెలవాలంటే (s − t) × P అన్నది L − A కంటే ఎక్కువ ఉండాలి.

ఊహాత్మక నియోజకవర్గం: లిబరల్ 41, అలయన్స్ 28, పీసీ 22, ఎన్‌డీపీ (వామపక్ష న్యూ డెమోక్రటిక్ పార్టీ) 9. కూడితే 50, గెలుపు ఖాయం అనిపిస్తుంది. కానీ తేడా 13. దాన్ని 22తో భాగిస్తే 0.59. అంటే పీసీ ఓటర్లలో 75 శాతం వచ్చి, 15 శాతమే లిబరల్స్‌కు పోయి, మిగతావాళ్లు ఇంట్లో కూర్చుంటే చచ్చీచెడీ గట్టెక్కుతారు. 65 శాతం వచ్చి 20 శాతం లిబరల్స్‌కు పోతే ఓటమే. ఇంట్లో కూర్చున్న ఓటరు ఒక ఓటు నష్టం, లిబరల్‌కు వేసినవాడు రెండు ఓట్ల నష్టం. ప్రచార బడ్జెట్ ఎటు పెట్టాలో ఈ ఒక్క వాక్యం తేలుస్తుంది: అసంతృప్త పీసీ ఓటరును మనవైపు తిప్పలేకపోయినా, లిబరల్ వైపు పోకుండా ఆపగలిగితే సగం పని అయినట్టే.

ఇప్పుడు అసలు ఆంటారియో అంకెలు పెట్టండి. 2000లో లిబరల్ 51.5, అలయన్స్ 23.6, పీసీ 14.4. తేడా 27.9. పీసీ ఓటు నూటికి నూరు శాతం వచ్చినా రాష్ట్ర సగటున గెలుపు లేదు. కూడిక మీద ఆధారపడి ఆంటారియో గెలుస్తామన్న వాదన మొదటి రోజు నుంచే తప్పు. 2004లో అక్కడ కన్సర్వేటివ్‌లకు వచ్చింది 31.5 శాతం, పాత మొత్తం 38 కంటే ఆరున్నర తక్కువ. అయినా సీట్లు 2 నుంచి 24కి పెరగడానికి కారణాలు రెండు. లిబరల్ ఓటు 44.7కి జారింది. మిగిలిన వ్యతిరేక ఓటు ఒక్క గుర్తు కింద గుమిగూడింది. విలీనం ఇచ్చేది ఓట్ల చీలిక ఆగడం మాత్రమే, కొత్త ఓటు కాదు.

అట్లాంటిక్‌లో బొమ్మ ఇంకా స్పష్టం. న్యూ బ్రన్స్‌విక్‌లో 2000లో పీసీ దాదాపు 31, అలయన్స్ దాదాపు 16 శాతం. 2004లో కలిసి 31. నోవా స్కోషియాలో 29, 10, కలిసి 28. అంటే చిన్న భాగస్వామి మొత్తం ఆవిరైనట్టు కనిపిస్తుంది. జరిగింది అది కాదు. అలయన్స్ ఓటరు అక్కడే ఉన్నాడు, పీసీ ఓటరు పెద్ద సంఖ్యలో వెళ్లిపోయాడు. 32 సీట్లలో లిబరల్స్‌కు 22, కన్సర్వేటివ్‌లకు 7. అట్లాంటిక్‌లో ఓటమి మనస్తత్వం ఉందని 2002లో హార్పర్ అన్న మాట రెండేళ్ల తర్వాత కూడా ప్రతి గుమ్మం దగ్గరా ఎదురొచ్చింది.

కొలతలో జారే చోట్లు

ఈ పని చెయ్యాలంటే ముందు సరిహద్దులు సరిచెయ్యాలి. 2004 ఎన్నిక కొత్త హద్దులతో జరిగింది, సీట్లు 301 నుంచి 308 అయ్యాయి. 2000 ఫలితాలను కొత్త హద్దులకు మార్చి ఎన్నికల సంస్థ ఎలక్షన్స్ కెనడా ప్రకటించిన పట్టికనే ప్రాతిపదికగా తీసుకోవాలి. పాత నియోజకవర్గం పేరూ కొత్త పేరూ ఒకేలా ఉన్నాయని నేరుగా పోలిస్తే, కొన్ని చోట్ల వేల ఓట్ల మేర తప్పుతుంది.

తర్వాతి చిక్కు ముందస్తు ఓట్లు. పోలింగ్ రోజు ఓట్లు ఒక్కో పోలింగ్ డివిజన్‌కు విడిగా వస్తాయి, ముందస్తు ఓట్లు చాలా డివిజన్లవి ఒకే పెట్టెలో పడతాయి. వయసు మళ్లిన పీసీ ఓటర్లు ముందస్తుగా వెయ్యడం ఎక్కువ. ఆ పెట్టెను వదిలేసి పోలింగ్ రోజు లెక్కలతోనే విశ్లేషణ చేస్తే సరిగ్గా మనం వెతుకుతున్న ఓటరే తప్పించుకుంటాడు. ముందస్తు ఓట్లను ఆయా డివిజన్లకు దామాషాగా పంచాలి, లేదా కొలత ప్రమాణాన్నే పెంచి ముందస్తు పోలింగ్ పరిధిని ఒక యూనిట్‌గా తీసుకోవాలి. రెండోది మోటుగా ఉన్నా నమ్మకమైనది.

ఇంకో జారుడు చోటు, నికర మార్పును అసలు ప్రవాహం అనుకోవడం. 2004లో లిబరల్ ఓట్లు కూడా 52.5 లక్షల నుంచి 49.8 లక్షలకు తగ్గాయి. అది చూసి, పీసీ ఓటర్లు లిబరల్స్‌కు పోలేదు, చూడండి వాళ్లూ తగ్గారు అని వాదించినవాళ్లున్నారు. ఎన్‌డీపీ ఓట్లు 10.9 లక్షల నుంచి 21.3 లక్షలకు, గ్రీన్ పార్టీ ఓట్లు 1.04 లక్షల నుంచి 5.82 లక్షలకు పెరిగాయి. లిబరల్ ఇంట్లోకి ముందు గుమ్మం నుంచి పీసీలు వస్తుంటే, పెరటి గుమ్మం నుంచి వామపక్ష లిబరల్స్ ఎన్‌డీపీకి వెళ్తున్నారు. మొత్తం సంఖ్య ఒక్కటే చూస్తే రెండు ప్రవాహాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి.

పోలింగ్ కేంద్రం లెక్కలతో వ్యక్తుల ప్రవర్తన తేల్చెయ్యడమూ ప్రమాదమే. పీసీ బలంగా ఉన్న వీధుల్లో లిబరల్ ఓటు పెరిగిందంటే పీసీలే మారారని రుజువు కాదు. ఆ వీధుల్లో ఇళ్లు అమ్ముడై కొత్తవాళ్లు వచ్చి ఉండొచ్చు. అందుకని ఒకే మనుషులను రెండు ఎన్నికల్లో అడిగిన ప్యానెల్ సర్వే పక్కన పెట్టుకుని చూడాలి. సర్వేలో కూడా పోయినసారి ఎవరికి వేశారు అన్న ప్రశ్నకు జనం గెలిచినవాళ్ల పేరు ఎక్కువగా చెబుతారు, కనుమరుగైన పార్టీ పేరు మరిచిపోతారు. పీసీకి వేశామని చెప్పినవాళ్ల శాతం అసలు 12.2 కంటే తక్కువ వస్తే, ముందు ఆ బరువు సరిచేసి తర్వాతే బదిలీ పట్టిక వెయ్యాలి.

వెళ్లినవాళ్లు వెళ్లిన దారులు

ఎంపీల స్థాయిలో చూస్తే దారులు చాలా తొందరగా చీలాయి. జో క్లార్క్ కొత్త పార్టీలో చేరనని చెప్పి పీసీ సభ్యుడిగానే కూర్చున్నాడు. హార్పర్ కంటే లిబరల్ ప్రధాని పాల్ మార్టిన్ మేలన్నాడు, 2004లో పోటీ చెయ్యలేదు. బషాన్ కూడా చేరలేదు. సెనేట్‌లో లొవెల్ మర్రే, నార్మన్ అట్కిన్స్, విలియం డూడీ పీసీలుగానే కొనసాగారు. డేవిడ్ ఆర్చర్డ్, సింక్లెయిర్ స్టీవెన్స్ లాంటివాళ్లు కోర్టు మెట్లెక్కారు, విలీనం మాత్రం ఆగలేదు.

ఎక్కువ నేర్పేవి మాత్రం పక్కపక్క రాష్ట్రాల్లోని రెండు నియోజకవర్గాలు. నోవా స్కోషియాలో కింగ్స్–హాంట్స్ ఎంపీ స్కాట్ బ్రైసన్ విలీనం రిజిస్టరైన మూడు రోజులకే, డిసెంబరు 10న, లిబరల్స్‌లోకి వెళ్లాడు. న్యూ బ్రన్స్‌విక్‌లో ఫండీ ఎంపీ జాన్ హెరాన్ పీసీ సభ్యుడిగా ఉండిపోయి, ఎన్నికల్లో లిబరల్ అభ్యర్థిగా దిగాడు. ఇద్దరూ పాత పీసీలే, ఇద్దరూ అదే సీటులో గెలిచి ఉన్నవాళ్లే. బ్రైసన్ గెలిచాడు, మంత్రి అయ్యాడు, ఆ సీటును 2019 వరకూ నిలబెట్టుకున్నాడు. హెరాన్ కన్సర్వేటివ్ అభ్యర్థి రాబ్ మూర్ చేతిలో ఓడాడు.

తేడా ఎక్కడ? మూర్ 2000లో అదే చోట అలయన్స్ అభ్యర్థిగా నిలబడ్డవాడు. పల్లె ప్రాంతంలో అలయన్స్‌కు సొంత ఓటు గట్టిగా ఉంది, కనుక హెరాన్ తీసుకెళ్లగలిగిన పీసీ భాగం మీద ఆధారపడకుండానే మూర్ గెలుపు గీతకు దగ్గరగా ఉన్నాడు. పై సూత్రంలో A పెద్దదైతే s చిన్నదైనా సరిపోతుంది. కింగ్స్–హాంట్స్‌లో A చిన్నది. రెండో తేడా సమయం. బ్రైసన్‌కు ఓటర్లతో మాట్లాడుకోవడానికి ఆరు నెలలకు పైగా దొరికింది. కండువా మార్చిన నాయకుడు ఓటరుకు కారణం చెప్పి, కోపం చల్లారే దాకా గుమ్మం గుమ్మం తిరగాలి. ప్రచారం మొదలయ్యాక చెబితే అది సీటు కోసం చేసిన పనిలాగే వినిపిస్తుంది.

సెయింట్ జాన్ మూడో రకం. 1993 ప్రళయంలో కూడా పీసీ తరఫున గెలిచిన ఎల్సీ వేన్ 2004లో తప్పుకుంది. సీటు లిబరల్స్‌కు పోయింది. అది పార్టీ కంచుకోట కాదు, ఆమె సొంత కోట. విలీనం ముందు ఇలాంటి సీట్లను విడిగా గుర్తించాలి. ఎంపీ తప్పుకుంటే ఎంత ఓటు మిగులుతుందో చూడకుండా వాటిని పార్టీ ఖాతాలో వేసుకోకూడదు.

నోవా స్కోషియాలోనే బిల్ కేసీ కథ దీనికి ఇంకో ముఖం. పీసీగా గెలిచి, విలీనంలో ఉండిపోయి, 2007లో బడ్జెట్‌కు వ్యతిరేకంగా ఓటేసినందుకు కన్సర్వేటివ్ పార్టీ నుంచి బహిష్కృతుడయ్యాడు. 2008లో స్వతంత్రుడిగా దాదాపు 69 శాతం ఓట్లతో గెలిచాడు. 2015లో లిబరల్‌గా మళ్లీ గెలిచాడు. మధ్యలో అతను రాజీనామా చేశాక 2009 ఉప ఎన్నికలో అదే సీటు తిరిగి కన్సర్వేటివ్‌లకే పోయింది. మధ్యేవాద ఓటర్లు ఒకచోట కూడాలంటే ఒక నమ్మకమైన మనిషి చుట్టూ కూడతారు. ఆ మనిషి లేనప్పుడు ఎవరి దారి వాళ్లదే.

వారసత్వ పార్టీ ఎందుకు నిలబడలేదు

పాత పార్టీ ఆశయాలు మేమే మోస్తామంటూ 2004లో ప్రోగ్రెసివ్ కెనడియన్ పార్టీ వచ్చింది. దానికి చట్టం దారి తెరిచింది. అంతకుముందు పార్టీగా గుర్తింపు నిలవాలంటే 50 మంది అభ్యర్థులను నిలబెట్టాలి. 2003 జూన్‌లో ఫిగెరోవా కేసులో సుప్రీంకోర్టు ఆ షరతు కొట్టేసింది. 2004లో వచ్చిన సవరణతో ఒక్క అభ్యర్థి, 250 మంది సభ్యులు చాలు. అందువల్లే 16 మంది అభ్యర్థులతో ఆ పార్టీ బరిలో దిగగలిగింది.

దిగడం వేరు, నిలబడటం వేరు. 2004 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన నిధుల చట్టం ప్రకారం ఒక్కో ఓటుకు ఏడాదికి 1.75 డాలర్ల ప్రభుత్వ సొమ్ము పార్టీకి వచ్చేది. అర్హత: దేశం మొత్తం మీద 2 శాతం, లేదా పోటీ చేసిన చోట్ల 5 శాతం. దేశం మీద 2 శాతం అంటే 2.71 లక్షల ఓట్లు, ఆశే లేదు. రెండో దారి చూద్దాం. నియోజకవర్గానికి సగటున 44,000 ఓట్లు పోలయ్యాయి, అందులో 5 శాతం 2,200. పదహారు చోట్లా కలిపి సుమారు 35,000 కావాలి. వచ్చినవి దాదాపు 10,900, సీటుకు 680. అభ్యర్థి ఖర్చులో 60 శాతం వెనక్కి రావాలంటే 10 శాతం ఓట్లు, అంటే 4,400 తెచ్చుకోవాలి. ఆ గీత కంటికి కనిపించనంత దూరం.

అదే 16 మంది అభ్యర్థుల ఖర్చూ శ్రమా అట్లాంటిక్‌లో మూడే సీట్ల మీద పెట్టి ఉంటే 5 శాతం అర్హత కనీసం అందుకోదగ్గ దూరంలో ఉండేది. అర్హత పోటీ చేసిన సీట్ల మీదే లెక్కించేవారు కాబట్టి, తక్కువ చోట్ల పోటీ చెయ్యడమే లాభంగా ఉండేది. కొత్త పార్టీ పెట్టేవాళ్లు జెండా చాలా చోట్ల కనబడాలని ఆరాటపడతారు. ఆ నిధుల చట్టం సరిగ్గా ఆ ఆరాటాన్నే శిక్షించింది. దీనికితోడు 2004లో అసంతృప్త ఓటరుకు 308 చోట్లా అభ్యర్థులున్న గ్రీన్ పార్టీ దొరికింది. నిరసనగా ఓటెయ్యాలనుకున్నవాడికి తన పేటలో అభ్యర్థే లేని పార్టీ ఎందుకు గుర్తొస్తుంది?

తిరిగి వచ్చినవాళ్లు ఎలా వచ్చారు

నాయకుడి ఎన్నికకూ పోలింగ్‌కూ మధ్య సరిగ్గా 100 రోజులే ఉన్నాయి. విధాన మహాసభ జరగలేదు. అంటే గర్భస్రావం, స్వలింగ వివాహం, ప్రభుత్వ వైద్యం మీద పార్టీ అధికారిక మాట ఏమిటో చూపించడానికి అభ్యర్థి చేతిలో కాగితం లేదు. ఆ ఖాళీని లిబరల్ ప్రకటనలు, సొంత ఎంపీల నోటి దురుసు నింపాయి. జూన్ మొదట్లో సర్వేల్లో లిబరల్స్‌తో సమానంగా, కొన్నింట్లో ముందుగా ఉన్న పార్టీ చివరి వారంలో జారిపోయింది. చివరి రోజుల్లో జారే ఓటు ఎప్పుడూ ఇలాంటి ఓటే: ప్రభుత్వం మీద విసుగుంది, ప్రత్యామ్నాయం మీద భయం అంతకంటే ఎక్కువుంది.

దిద్దుబాటు 2005 మార్చిలో మాంట్రియల్ మహాసభలో మొదలైంది. గర్భస్రావం మీద ప్రభుత్వం చట్టం తేదని తీర్మానం చేశారు. అదే మహాసభలో నియోజకవర్గాల సమాన పాయింట్ల పద్ధతిని మార్చే ప్రయత్నం జరిగింది, మెకే బహిరంగంగా ఎదురు తిరిగాడు, పద్ధతి నిలిచింది. తూర్పు సభ్యులకు అది ఒప్పందం బతికే ఉందన్న సూచన. అయినా ఆ మే 17న స్ట్రోనక్ లిబరల్స్‌లోకి వెళ్లిపోయింది, రెండు రోజుల తర్వాత సభలో ఓటు 152–152 వద్ద ఆగి స్పీకర్ ఓటుతో మార్టిన్ ప్రభుత్వం నిలిచింది. టొరంటో ఉత్తర శివారులో ఆమె సీటు 2004లో కన్సర్వేటివ్‌గా వెయ్యి లోపు ఆధిక్యంతో వచ్చింది. 2006లో ఆమె లిబరల్‌గా మళ్లీ గెలిచింది.

2005 చివర్లో ప్రచారం మొదలైనప్పుడు హార్పర్ చేసిన పని గమనించదగ్గది. స్వలింగ వివాహం మీద సభలో స్వేచ్ఛా ఓటింగ్ పెడతానని ప్రచారం మొదటి రోజే చెప్పేశాడు. ఎలాగూ అడిగే ప్రశ్నకు మొదటి రోజే జవాబు చెబితే చివరి వారంలో అది మళ్లీ వార్త కాదు. తర్వాత రోజుకో చిన్న, లెక్కకు అందే హామీ: జీఎస్‌టీ 7 నుంచి 6కి, ఆపై 5కి; ఆరేళ్లలోపు పిల్లలకు ఏడాదికి 1,200 డాలర్లు. మధ్యేవాద ఓటరు సిద్ధాంతం మీద హామీ అడగడు, ఏమీ కూలగొట్టరన్న నమ్మకం అడుగుతాడు. మరోవైపు స్పాన్సర్‌షిప్ కుంభకోణం (కెబెక్‌లో ప్రభుత్వ ప్రచార సొమ్ము దుర్వినియోగం) లిబరల్ గూటిని పాడుచేసింది.

2006లో 36.3 శాతం, 124 సీట్లు, మైనారిటీ ప్రభుత్వం. ఆంటారియోలో 40 సీట్లు. గెలిచారు నిజమే, కానీ 2000లో రెండు పార్టీల మొత్తం 37.7 ఇంకా అందలేదు. 2008లో 37.7 వచ్చింది. అంటే కూడికలో కాగితం మీద మొదటి రోజే కనిపించిన అంకె చేతికి రావడానికి విలీనం తర్వాత సుమారు ఐదేళ్లు, మూడు ఎన్నికలు, అధికారంలో ఉండే వెసులుబాటు కావలసివచ్చాయి. పాత మొత్తాన్ని దాటింది 2011లోనే, 39.6 శాతంతో. అప్పటికి లిబరల్స్ 18.9కి కుంగిపోయారు. 2015లో లిబరల్స్ కోలుకోగానే కన్సర్వేటివ్‌లు 31.9కి దిగారు. 2004లో వెళ్లి తిరిగొచ్చిన పొర ఎంత పలచగా అతుక్కుందో ఆ అంకెలో కనిపిస్తుంది.

2022 తర్వాత అదే దారి

2022 సెప్టెంబరు 10న పియెర్ పొయిలివ్ మొదటి లెక్కింపులోనే 68 శాతం పాయింట్లతో నాయకుడయ్యాడు. పాత పీసీ నాయకుడు జాన్ షరేకు 16 శాతం. ఈసారి మధ్యేవాదులకు పేరున్న అభ్యర్థి ఉన్నాడు, సభ్యత్వం మాత్రం లేదు. వంద కంటే తక్కువ ఓట్లు పడిన నియోజకవర్గానికి ఓటుకు ఒక పాయింటే అన్న సవరణ కూడా అప్పటికి వచ్చేసింది, కనుక చిన్న సంఘాల పరపతి మునుపటంత లేదు. కొద్ది రోజుల్లోనే కెబెక్ ఎంపీ అలెన్ రేయెస్ పార్టీ వదిలి స్వతంత్రుడయ్యాడు. సెంటర్ ఐస్ కన్సర్వేటివ్స్ పేరుతో మొదలైన వేదికలోంచి డొమినిక్ కార్డీ నాయకత్వంలో కెనడియన్ ఫ్యూచర్ పార్టీ పుట్టి 2024లో ఎన్నికల బరిలోకి వచ్చింది. 2025లో ఒక్క సీటూ రాలేదు. ఓటుకింత అన్న ప్రభుత్వ సొమ్ము కూడా 2015 నాటికే ఆగిపోయింది, కాబట్టి 2004 వారసులకంటే వీళ్లకు దారి ఇంకా ఇరుకు.

అసలు కూడిక ఇంకోచోట జరిగింది. 2025 మార్చిలో లిబరల్స్ నాయకుణ్ణి మార్చి మార్క్ కార్నీని తెచ్చారు. అమెరికా సుంకాల భయం తోడైంది. ఏప్రిల్ 28న లిబరల్స్‌కు 43.8 శాతం, కన్సర్వేటివ్‌లకు 41.3 శాతం, ఎన్‌డీపీకి 6.3. కన్సర్వేటివ్ ఓటు పెరిగే ఓడింది, పొయిలివ్ సొంత కార్ల్‌టన్ సీటు కూడా పోయింది. ఈ ఫలితాన్ని చదివేవాళ్లు 2004లో చేసిన తప్పు తిరగేసి చెయ్యకూడదు. ఎన్‌డీపీ కుప్పకూలడం వల్ల లిబరల్ మొత్తం ఉబ్బింది. ఆ ఉబ్బులో మధ్యేవాద కన్సర్వేటివ్‌లు ఎంతమందో జాతీయ శాతాలు చెప్పవు. కార్ల్‌టన్ లాంటి చోట్ల, ఎన్‌డీపీకి ముందునుంచీ పెద్దగా ఓటు లేని పోలింగ్ పరిధులు ఏరుకుని, ముందస్తు పెట్టెలు కలిపి, 2021 ఫలితాలను కొత్త హద్దులకు మార్చుకుని చూడాలి. ఎన్‌డీపీ నుంచి రావడానికి ఓటే లేని పరిధిలో లిబరల్ ఓటు ఎంత పెరిగిందో కొలవాలి. అందులోంచి పెరిగిన పోలింగ్ శాతం వల్ల వచ్చిన వాటా తీసేస్తే మిగిలేది పార్టీ మారిన కన్సర్వేటివ్ ఓటుకు దగ్గరి అంచనా.